డెబ్బై ఆరు డిగ్రీలు

పాలో సెకో అనే ఆ ఎడారి ఊళ్లో మే నెల సగం దాటిందంటే సూర్యుడి కంటే ముందు లేవాల్సిందే, లేకపోతే ఆ రోజంతా శిక్ష. ఇళ్లున్నవాళ్లకి ఈ సంగతి తెలియదు. వాళ్లకి గోడ మీద ఒక మీట ఉంటుంది, నొక్కితే గది చల్లబడుతుంది. నోరీన్‌కి ఉన్నవి పదహారేళ్ల నాటి తెల్ల వ్యాను, ట్యాన్సీ అనే ముసలి కుక్క, ఆ రెంటినీ చల్లగా ఉంచుకోవడానికి రోజూ చేసే చాకిరీ.

గురువారం కూడా వెలుగు రాకముందే పడుకున్న వీధి వదిలి సూపర్‌మార్కెట్ వెనక పార్కింగ్‌కి వచ్చింది. దాని చివర తుమ్మల్లాంటి రెండు మెస్కీట్ చెట్లున్నాయి. వాటి కింద బండి పెట్టడం కూడా ఒక విద్యే. మొత్తం నీడలో పెడితే పైకప్పు మీది సోలార్ పలకకి ఎండ తగలదు, కూలరు నడవదు. మొత్తం ఎండలో పెడితే కూలరు నడుస్తుంది గానీ ఏం లాభం, బండి పొయ్యి మీది పెనం అవుతుంది. మూతి నీడలోనూ నడుము ఎండలోనూ ఉండేలా నాలుగుసార్లు ముందుకీ వెనక్కీ జరిపి, దిగి చూసి, మళ్లీ ఎక్కి ఇంకో జానెడు జరిపింది.

ఆ తరవాత కిటికీల పని. ఒక్కో అద్దానికి దాని కొలతకి కత్తిరించిన వెండి రేకు అట్టలున్నాయి. మెరిసే వైపు బయటికి పెట్టి మూలమూలా వేళ్లతో నొక్కింది. వేలెడు సందు వదిలితే మధ్యాహ్నానికి అందులోంచి ఎండ సూదిలా దిగుతుంది. మార్కెట్ వెనక పంపు నుంచి రెండు బక్కెట్ల నీళ్లు మోసుకొచ్చి కూలరు గడ్డిని బాగా తడిపింది. పైకప్పు ఫ్యాను వేడిని బయటికి లాగేలా తిప్పింది. కుక్క గిన్నెలో ఐసు ముక్కలు వేసింది. లోపల తగిలించిన చిన్న పరికరం అంకెని ఆమె ఫోనుకి పంపుతుంది. డెబ్బై ఆరు. మన సెల్సియస్ లెక్కలో ఇరవై నాలుగు. మధ్యాహ్నం బయట నూట ఎనిమిది దాటినా, అంటే మనకి నలభై రెండు దాటినా, లోపల ఆ డెబ్బై ఆరు కదలకుండా చూసుకోవడం నోరీన్ గొప్పతనం. చెప్పుకోడానికి ఎవరూ లేరు గానీ, గొప్పతనమే.

డెల్ చేతిలో కాఫీ కప్పుతో వచ్చాడు. డెబ్బై ఏళ్లు, పాత రొట్టెల వ్యానులో ఉంటాడు, గుండెకి రెండు చోట్ల అతుకులు. నోరీన్ ముందు అద్దానికి అంటించిన కాగితం చదివాడు, రోజూ చదివేదే అయినా. 'కుక్క క్షేమం. లోపల కూలరు నడుస్తోంది. అనుమానం ఉంటే ఈ నంబరుకి ఫోన్ చేయండి.'

“ఇంకా ఉంచావా దీన్ని?” అన్నాడు. “నేను ఇక్కడే కాపురం ఉంటున్నాను, వచ్చి పట్టుకోండి అని పెద్దక్షరాలతో రాయరాదూ? వాళ్లకి ఈ రాతకోతల శ్రమ తప్పుతుంది.”

“కాగితం లేకపోతే కుక్క చచ్చిపోతోందని ఎవడో కిటికీ కొడతాడు డెల్.”

“కాగితం ఉంటే పోలీసు కొడతాడు. నీ దగ్గర పసుపు కాగితాలు ఎన్ని?”

“రెండు.”

“మూడోది వస్తే?”

ఏప్రిల్‌లో ఊరి సభ రూలు పెట్టింది, ఊళ్లో ఎవరూ బండిలో నివాసం ఉండకూడదని. రెండుసార్లు పసుపు కాగితంతో వదిలేస్తారు. మూడోసారి బండినే లాక్కుపోతారు. బండి పోవడమంటే ఆమెకి ఇల్లూ, పక్కా, వంటా, బట్టలూ ఒక్కసారిగా పోవడం.

“వాళ్లు వెతికేదే ఇలాంటి కాగితాలు. కూలరు, సోలారు, కుక్క, ఫోను నంబరు. ఇంకేం కావాలి?” అన్నాడు డెల్. “నేను ఆదివారం కొండ పైకి వెళ్లిపోతున్నా. నువ్వూ రా. పైన్ చెట్ల కింద పగలు కూడా స్వెట్టరు వేసుకోవచ్చు.”

“నా ఉద్యోగం కిందుంది.”

“అయితే ఆ కాగితం పీకెయ్. అద్దం మీద ఏమీ లేకపోతే ఎవడి కళ్లూ పడవు. మన బతుకంతా ఎవరి కంటా పడకపోవడమే కదా.”

ఎండాకాలం రాగానే బండ్లలో బతికేవాళ్లంతా కొండలెక్కుతారు. ఎక్కలేనివాళ్లు కింద ఇలా తంటాలు పడుతుంటారు. నోరీన్ కాగితాన్ని గోటితో మెల్లగా గీకి తీసింది. జిగురు మరక తడిగుడ్డతో తుడిచింది. ట్యాన్సీ ముందు సీటు మీద గడ్డం ఆనించి ఇదంతా చూస్తోంది. వయసుకి దాని కళ్ల చుట్టూ తెల్ల వెంట్రుకలొచ్చాయి.

“సాయంత్రం వస్తా,” అని నోరీన్ దాని చెవి నిమిరి తలుపేసింది.

*

శుక్రవారం నోరీన్ పనిచేసే మార్కెట్ బేకరీలో ఊపిరి ఆడలేదు. శనివారం హైస్కూలు పిల్లల పట్టాల పండగ. నలభై మూడు కేకులు, నలభై మూడు పేర్లు. మూడేళ్లుగా ఈ ఊళ్లో కేకుల మీద పేర్లన్నీ నోరీన్ చేతి రాతే. అక్షరాలు గుండ్రంగా, ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకున్నట్టు రాస్తుంది. చేతి వేడికి క్రీము జారిపోతుందని పక్కన ఐసునీళ్ల గిన్నె పెట్టుకుని, రెండు కేకులకోసారి కుడిచెయ్యి అందులో ముంచి, తుడుచుకుని, మళ్లీ క్రీము సంచి పట్టుకుంటుంది. తను ఎక్కడ ఉంటుందో బేకరీలో ఎవరికీ చెప్పలేదు. అడిగితే నది వైపు అపార్ట్‌మెంట్లలో అంటుంది. అటువైపు అపార్ట్‌మెంట్లు బోలెడు, రెండో ప్రశ్న ఎవరూ వేయరు.

“మిస్, ఈ పేరు చూడండి,” అంది యెసేనియా చీటీ చూపిస్తూ. ఇరవై రెండేళ్ల పిల్ల, కేకులకి పూత పూస్తుంది. “మాక్సిమిలియానో. పదకొండు అక్షరాలు, ఇంత చిన్న కేకు మీద.”

“అంత పొడుగు పేరు పెట్టుకున్నవాళ్లు కేకు కూడా పొడుగుది తీసుకోవద్దూ?” అంది నోరీన్. “ఇలా తే బంగారం. ఒంపు తిప్పి రాస్తాను.”

మొదటి నాలుగు అక్షరాలు రాసేసరికి పైన స్పీకర్లో పిలుపు వినబడింది. వెనక పార్కింగ్‌లో తెల్ల వ్యాను, లోపల కుక్క ఉంది, యజమాని వెంటనే రావాలి.

నోరీన్ చెయ్యి ఆగింది. ఏప్రాన్ జేబులోంచి ఫోను తీసి చూసింది. డెబ్బై ఆరు. మళ్లీ జేబులో పెట్టుకుంది.

ఇప్పుడు వెళ్తే మేనేజరు లోవెల్ చూస్తాడు, ఎవరి బండి అని అడుగుతాడు, లోపల మంచం చూస్తాడు, పొయ్యి చూస్తాడు. వెళ్లకపోతే? వాళ్లు అద్దానికి చెవి ఆనిస్తారు, కూలరు చప్పుడు వినిపిస్తుంది, కుక్క తోక ఆడిస్తుంది, విసుగెత్తి పోతారు. ట్యాన్సీ హాయిగా ఉంది. అది హాయిగా ఉందని తనకి తెలుసు. తనకి తెలిస్తే చాలదని ఆమెకి ఆ నిమిషంలో తోచలేదు. ఇల్లున్న మనిషైతే పరిగెత్తేది. దాక్కుని దాక్కుని బతికిన మనిషి కాబట్టి నిలబడి అయిదో అక్షరం రాసింది.

స్పీకరు రెండోసారి పిలిచింది. ఈసారి గొంతులో కంగారు ఉంది. ఫోను చూసింది. డెబ్బై ఆరు. ఆరో అక్షరం, ఏడో అక్షరం.

“పాపం, ఎవరిదో,” అంది యెసేనియా, ఆమె వైపు చూడకుండా.

ఎనిమిదో అక్షరం దగ్గర ఇంకోసారి చూసుకుంది. డెబ్బై తొమ్మిది. ఎందుకు పెరిగింది అనుకునేలోపు ఎనభై మూడు. ఆమె చూస్తుండగానే ఎనభై ఎనిమిది. కూలరు పాడైతే ఇంత తొందరగా పెరగదు. అద్దం పోయింది.

సంచి బల్ల మీద పడేసి వెనక తలుపు వైపు పరిగెత్తింది.

*

బండి దగ్గర ఏడెనిమిది మంది మూగారు. డ్రైవరు పక్క అద్దం పగిలి గాజు ముక్కలన్నీ తారు మీద చక్కెరలా పడి ఉన్నాయి. జంతువుల శాఖ ట్రక్కు అడ్డంగా ఆగి ఉంది. తలుపులు రెండూ బార్లా తెరిచారు. వెండి అట్టలు కింద పడి, వాటి మీదుగా మనుషులు నడుస్తున్నారు. కూలరు మాత్రం ఏమీ ఎరగనట్టు లోపల నడుస్తూనే ఉంది, పార్కింగ్ మొత్తాన్ని చల్లబరచాలని కాబోలు.

అద్దం పగలగొట్టినామె అక్కడే ఉంది. అరవై దాటిన మనిషి, పేరు పట్రీస్ అని ఎవరితోనో చెబుతోంది. చెయ్యి తెగి రక్తం మోచేతి దాకా కారుతోంది. “రెండుసార్లు పిలిపించాను, ఎవరూ రాలేదు. ఎవరైనా ఎలా వదిలేసి పోతారండీ దీన్ని,” అని ఏడుస్తోంది. ఆమె చెడ్డమనిషైతే నోరీన్‌కి ఎంత సుఖంగా ఉండేదో. కానీ ఆమె నిజంగానే ఏడుస్తోంది.

జంతువుల శాఖ మనిషి, ముప్పై అయిదేళ్లవాడు, చొక్కా మీద రూడీ అని ఉంది. బండిలోకి ఒక పరికరం చాపి అంకె చూశాడు. “తొంభై ఏడు,” అని పైకే చదివి రాసుకున్నాడు. జనం అయ్యో అన్నారు.

తొంభై ఏడు మీరు చేసింది, నేను కాదు, అనాలి నోరీన్. పది నిమిషాల క్రితం డెబ్బై ఆరు, ఇదిగో ఫోను, అనాలి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడే రూడీ లోపలికి తొంగి చూసి, “ఇందులో ఎవరో ఉంటున్నారు. మంచం ఉంది,” అన్నాడు.

జనంలో ఉన్న మేనేజరు లోవెల్ వెనక్కి తిరిగి ఆమెని చూశాడు.

“నోరీన్, నువ్వు రోజూ ఇటే వస్తావు కదా. ఈ బండి ఎవరిదో తెలుసా నీకు?”

అతను మెల్లగానే అడిగాడు. అయినా నోరీన్‌కి మూడో పసుపు కాగితం తప్ప ఇంకేమీ కనబడలేదు.

“తెలీదండీ,” అంది.

ట్యాన్సీ ఆమె గొంతు విని తల తిప్పింది. మెడకి కట్టిన కొత్త తాడు లాగుతూ, కాలుతున్న తారు మీద గెంతుతూ, నడుమంతా ఊగేలా తోక ఆడించింది.

“చూడండి, మనుషులంటే ఎంత ఇష్టమో పాపం,” అంది పట్రీస్.

రూడీ కుక్క వైపు చూశాడు, కుక్క చూస్తున్న వైపు చూశాడు. ట్యాన్సీని ఎత్తి ట్రక్కులో చల్లటి గూటిలో పెట్టి తలుపు వేశాడు. లోపలినుంచి అది ఒక్కసారి మాత్రం మొరిగింది, ఎందుకు రావు అన్నట్టు. నోరీన్ రెండు చేతులూ ఏప్రాన్‌లో దాచుకుని నిలబడింది. చేతులకి నీలం క్రీము అంటుకుని ఉంది.

బేకరీకి తిరిగి వెళ్లి మిగిలిన మూడు అక్షరాలు రాసింది. అవి ఎలా వచ్చాయో తరవాత ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

*

బండి అద్దానికి రూడీ అంటించిన కాగితం సాయంత్రం తీసి చదివింది. సోమవారం అయిదులోపు యజమాని రాకపోతే కుక్కని ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఇప్పటికే ఒకరు అడిగి ఉన్నారు.

శనివారం పొద్దున్న డెల్ దళసరి ప్లాస్టిక్ పట్టా, టేపూ తెచ్చి పగిలిన కిటికీకి కట్టాడు. కట్టినంతసేపూ నోరు విప్పలేదు, డెల్ విషయంలో అది జబ్బు చేసినట్టే లెక్క. చివరికి టేపు పళ్లతో తెంచి, “ఆ కాగితం పీకించింది నేను,” అన్నాడు.

“పీకింది నేను.”

“తిట్టవే నన్ను. ఊరికే నిలబడితే నాకు భయంగా ఉంది.”

“నిన్ను తిడితే నాకేం వస్తుంది డెల్. అది నన్ను చూసి తోక ఆడించింది. నేను తెలీదన్నాను.”

పాత బండి కాబట్టి అద్దం గురువారానికి గానీ రాదట. ప్లాస్టిక్ చుట్టూ వేడిగాలి దూరుతూనే ఉంది. ఆ మధ్యాహ్నం నోరీన్‌కి సెలవు. కూలరు ఎంత తడిపినా ఫోనులో తొంభై అయిదు. చొక్కా తడిపి వేసుకుంది, పాదాలు నీళ్ల తొట్టెలో పెట్టుకుంది, మెడ వెనక తడి తువ్వాలు వేసుకుంది. చొక్కా అరగంటలో ఆరిపోతే మళ్లీ తడిపింది. తనకైతే ఇది చాలు, ఎండ వచ్చినప్పుడు ఎక్కడో ఒక చోట చల్లటి దుకాణంలో దూరి కూర్చోవచ్చు. కుక్కని రానిచ్చే దుకాణం ఈ ఊళ్లో లేదు. ఈ లెక్క ఆమె బుర్రలో మొదటిసారి వచ్చింది. వెంటనే పక్కకి నెట్టేసింది.

ఆదివారం డెల్ కొండకి బయల్దేరాడు. “నాలుగు రోజులాగి వస్తారు కదా, ఇద్దరూ?” అని అడిగాడు. “వస్తాం,” అంది ఆమె. మధ్యాహ్నం పనిలోకి వెళ్లింది.

యెసేనియా ఆమె కళ్లు చూసి క్రీము గిన్నె పక్కన పెట్టింది. నోరీన్ ఇంక దాచలేక, “బంగారం, మొన్నటి ఆ బండి నాది. కుక్క నాది,” అంది. అంటూనే పిండి బస్తా మీద కూలబడింది.

“తెలుసు మిస్,” అంది యెసేనియా.

“తెలుసా?”

“అందరికీ తెలుసు. మీరు రోజూ బాత్రూం సింకులో తల కడుక్కుని వస్తారు కదా. మీరు చెప్పదలుచుకోలేదని మేమూ అడగలేదు.” ఆ పిల్ల గొంతు తగ్గించింది. “ఆ చెట్ల కింద ట్రాలీలు పెట్టొద్దని చెప్పింది ఎవరనుకున్నారు? లోవెల్. మొన్న ఆయన మిమ్మల్ని అడిగింది కూడా, మీరు నాదే అంటారని. మీరు ఆ మాట అంటే, కూలరు చప్పుడు తను రోజూ వింటున్నానని సాక్ష్యం చెబుదామనుకున్నాడట.”

మూడేళ్లు నోరీన్ ఇంత జాగ్రత్తగా దాక్కుంది, అందరూ చూస్తూనే ఉన్నారు. వాళ్లు మర్యాద చూపించారు, ఆమె అది కనిపెట్టలేదు. ఒక్క మాటతో అయిపోయేది. ఆ ఒక్క మాట తన కుక్క ఎదురుగా అనలేకపోయింది.

“ఏడవకండి మిస్. రేపు వెళ్లండి. ఇల్లు ఎక్కడ అంటే మా అడ్రసు రాయండి, మా నాన్న ఏమీ అనడు,” అని యెసేనియా కేకు చీటీ వెనక అడ్రసు రాసి ఆమె జేబులో పెట్టింది.

*

సోమవారం నాలుగింటికి జంతువుల శాఖ ఆఫీసుకి వెళ్లింది. బయట నూట పది. లోపల గచ్చు చల్లగా, తుడిచి మెరుస్తోంది. బల్ల వెనక రూడీయే ఉన్నాడు.

“కుక్క కోసం,” అంది.

“మీరు వస్తారనుకున్నాను,” అన్నాడు అతను. “శుక్రవారమే వస్తారనుకున్నాను.”

ఒక ఫారం ఆమె వైపు జరిపాడు. పేరు, కుక్క పేరు, వయసు. ఆమె గుండ్రటి అక్షరాలతో రాసింది. నివాసం అన్న గడి దగ్గర ఆగింది. జేబులో యెసేనియా చీటీ తగిలింది.

రూడీ చుట్టూ చూసి మెల్లగా చెప్పాడు. “అక్కడ ఏదైనా ఇల్లు రాయండి, నా పని అయిపోతుంది. రేపు ఒకరు వచ్చి ఇల్లు చూసి పోతారంతే. బండి అని రాస్తే ఈ కాగితం పోలీసులకి పోతుంది. ఆపడం నా చేతిలో లేదు.”

“ఇల్లు చూడ్డానికి వచ్చినప్పుడు అక్కడ కుక్క లేదని తెలిస్తే?”

“ఇంటివాళ్ల మీద కేసు.”

నోరీన్‌కి యెసేనియా నాన్న ముఖం తెలియదు. తెలియని ఆ మనిషి ముఖం ఊహించుకుంది. అంతకన్నా పెద్ద కారణం ఇంకొకటి ఉంది. ఒకసారి కాదన్న దాన్ని మళ్లీ అబద్ధంతో తెచ్చుకోవడం ఆమెకి ఇష్టం లేకపోయింది. 'తెల్ల వ్యాను' అని రాసింది. కిందే తన బండి నంబరు కూడా రాసింది. తరవాత ఫోను తీసి బల్ల మీద పెట్టింది.

“ఇది చూడండి. శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాల దాకా డెబ్బై ఆరు. అద్దం పగిలాక ఎక్కింది. మీరు రాసిన తొంభై ఏడు నాది కాదు.”

రూడీ వేలితో రికార్డు వెనక్కి జరిపి చూశాడు. బుధవారం డెబ్బై ఆరు, మంగళవారం డెబ్బై అయిదు, అంతకుముందు వారం డెబ్బై ఆరు. చాలాసేపు చూశాడు.

“మా ఇంట్లో ఎనభై పెట్టుకుంటాం,” అన్నాడు. తన రిపోర్టు తీసి తొంభై ఏడు కింద ఆమె చెప్పిన అంకె రాసి సంతకం చేశాడు. ఆ సంతకం చూశాక నోరీన్‌కి మూడు రోజుల్లో మొదటిసారి ఊపిరి నిండా అందింది. “సాయంత్రం ఆరులోపు బండి ఊరి హద్దు దాటించండి. ఆరు తరవాత కనబడితే లాక్కుపోతారు,” అన్నాడు.

ఉద్యోగం పోయినట్టే. పోతే పోయింది, ట్యాన్సీ వస్తుంది. కొండెక్కుదాం, అనుకుంది.

ట్యాన్సీ వచ్చింది. గచ్చు మీద గోళ్లు జారుతూ పరిగెత్తుకొచ్చి ఆమె ఒళ్లో తల దూర్చి మూలిగింది. కోపం లేదు, ఏమీ లేదు. నోరీన్ దాని మెడ చుట్టూ చేతులు వేసి ఏడ్చింది. రూడీ లేని పని కల్పించుకుని పక్క గదిలోకి పోయాడు.

బయటికి వచ్చి బండి పక్క తలుపు లాగింది. లోపలి వేడి ముఖాన కొట్టింది. ప్లాస్టిక్ ఒక మూల ఊడి గాలికి పటపటమంటోంది. “ఎక్కు,” అంది. మూడేళ్లుగా ఆ మాట పూర్తికాకముందే గెంతి ఎక్కే కుక్క. ప్లాస్టిక్ చప్పుడుకి చెవులు వెనక్కి వాల్చి తారు మీద కూర్చుండిపోయింది.

“ట్యాన్సీ, రా అమ్మా. చల్లబడుతుంది. కదిలితే చల్లబడుతుంది.”

అది ఆమె ముఖం చూసింది, బండి చూసింది. ముందు కాళ్లు మార్చి మార్చి ఎత్తుతోంది, కింద తారు కాలుతోంది మరి. అయినా ఎక్కలేదు. నోరీన్ లోపలికెక్కి పిలిచింది. బిస్కెట్ చూపించింది. తువ్వాలు తడిపి దాని పొట్టకి అద్దింది. వెనకనుంచి ఎత్తబోతే అది నాలుగు కాళ్లూ బిగదన్ని వణికింది. ఆ వణుకు చేతులకి తగలగానే ఆమె వదిలేసింది. ఇదివరకు అది ఆమె చేతుల్లో ఎప్పుడూ వణకలేదు.

రూడీ తలుపు తీసుకుని బయటికొచ్చాడు. “లోపలికి తీసుకురండమ్మా. దాని కాళ్లు కాలుతున్నాయి.”

నోరీన్ తాడు పట్టుకుని గుమ్మం దాకా నడిచింది. ట్యాన్సీ ఆమె కంటే ముందు చల్లటి గచ్చు మీదికి వెళ్లి పొట్ట ఆనించి బోర్లా పడుకుంది.

“కుక్కని అయిదు రోజులు ఇక్కడే ఉంచగలను,” అన్నాడు రూడీ. “గురువారం ఊరి బయటే అద్దం వేయించుకుని రండి.”

గురువారం అద్దం వస్తుంది. అద్దం వేయించుకుని కొండ మీదికి పోవచ్చు, చలికాలం మళ్లీ దిగొచ్చు, ఇంకో ఊళ్లో ఇంకో చెట్టు వెతుక్కోవచ్చు. మళ్లీ కాగితం పెట్టాలా తీయాలా అని రోజూ ఆలోచించాలి. పదకొండేళ్ల కుక్క. ప్రతి గాలికీ బెదిరి అద్దం వైపు చూస్తూ. నోరీన్ దాన్ని చూసింది. ఎండ తారుకి పగిలిన దాని అరికాళ్లు ఈ మూడు రోజుల్లో మానాయి.

“పట్రీస్ కదా ఆమె పేరు. కుక్క కావాలని అడిగి వెళ్లింది ఆమేనా?”

“ఆమే. రోజూ ఫోన్ చేస్తోంది.”

“ఇల్లు చల్లగా ఉంటుందా?”

“ఉంటుంది. రోజంతా ఇంట్లోనే ఉండే మనిషి.”

నోరీన్ తాడు అతని చేతికిచ్చింది. “అయితే ఆమెకే ఇవ్వండి. నేను తెలీదన్న సంగతి చెప్పకండి. పెద్దదైంది, బండి ఎక్కలేకపోతోందని చెప్పండి.”

రూడీ కాగితం, పెన్ను తీసుకున్నాడు. “ఏవైనా అలవాట్లుంటే చెప్పండి, రాసిస్తాను.”

“ఐసు చిన్న ముక్కలు చేసి వేయాలి, పెద్దవి కొరికి పళ్లు నొప్పిపెట్టుకుంటుంది. ఎడమ చెవిలో మందు, ఆదివారం ఆదివారం. ఉరుమొస్తే మంచం కింద దూరుతుంది, బయటికి లాగొద్దు.” ఆమె వంగి ట్యాన్సీ తల మీద చెయ్యి పెట్టింది. అది కళ్లు మూసుకుని ఉంది. “పడుకునేటప్పుడు వీపు దేనికో ఒకదానికి ఆనాలి దానికి, లేకపోతే నిద్రపోదు. ఇన్నాళ్లూ నా వీపుకి ఆనించి పడుకుంది. పక్క గోడ వారగా వేయమనండి.”

రూడీ ఆ మాట కూడా రాసుకున్నాడు.